తుప్పు పట్టిన పాత బీటిల్‌ని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

ఏళ్ల తరబడి ఓ మూల పడి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మీ చేతికి వచ్చిందనుకుందాం. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. డోరు తీస్తే అడుగు నుంచి ఎర్రటి పొడి రాలుతోంది. వెనక మూత ఎత్తితే ఎలుకల కంపు. ఇలాంటి బండి ఇంటికి రాగానే ఎవరికైనా రెండు కోరికలు పుడతాయి. బ్యాటరీ తగిలించి ఓసారి సెల్ఫ్ కొట్టి చూద్దామా అనేది ఒకటి. ఏ రంగు వేయిస్తే బాగుంటుందా అనేది రెండోది. ఈ రెండింటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మొదటిది ఇంజిన్‌ని పాడుచేస్తుంది, రెండోది తుప్పుకి దుప్పటి కప్పుతుంది.

ఈ బండికి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. వెనకాల అడ్డంగా పడుకున్న నాలుగు సిలిండర్లు, డైనమోతో పాటు తిరిగే ఒక ఫ్యాను, ఆ ఫ్యాను గాలిని సిలిండర్ల రెక్కల మధ్యకు తోసే రేకు తొడుగులు. ఇంజిన్ దగ్గర వేడెక్కిన గాలిలో కొంత డోర్ల కింది బోలు గడపల గుండా ముందుకు నడిచి, చలికాలంలో కాళ్లకు వెచ్చదనం ఇస్తుంది. వాటినే హీటర్ ఛానెళ్లు అంటారు. బాడీ బరువు మోసేదీ అవే, లోపల్నుంచి ముందుగా కుళ్లేదీ అవే. గాలి ఆడే బోలులోకి తేమ కూడా చేరుతుంది మరి. అందుకే బీటిల్‌ని బాగుచేయడమంటే నా లెక్కలో రెండే పనులు: గాలికి దారి తెరవడం, నీటికి దారి మూయడం.

1938లో మొదలై, 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీలో ఆఖరి బండి లైను దిగేదాకా 2 కోట్ల 15 లక్షలకు పైగా బీటిళ్లు తయారయ్యాయి. దీనివల్ల మనకో లాభం, ఓ తలనొప్పి. ఫ్లోరు రేకుల నుంచి గాస్కెట్ల దాకా కొత్తవి ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి, అది లాభం. పైకి ఒకేలా కనిపించినా ఏడాదికేడాది లోపల ఏదో ఒకటి మారుతూ వచ్చింది, అది తలనొప్పి. ఏ పార్టు కొనాలన్నా ముందు మీ బండి ఏ సంవత్సరానిదో తేల్చుకోవాలి. చాసిస్ నంబరు వెనక సీటు కింద మధ్య టన్నెల్ మీద కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబరు డైనమో స్టాండు కిందుగా కేసు మీద ఉంటుంది. రెండింటినీ తుడిచి ఫొటో తీసి కాగితాలతో సరిచూసుకోండి. తేడా ఉంటే స్పానరు పట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతి అది.

స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి

పైకి కనిపించే తుప్పు ఎప్పుడూ అసలు తుప్పులో కొంతే. ఒక మొద్దు స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం, టార్చి తీసుకుని బండి కిందకి దూరండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, కింద గట్టి స్టాండ్లు పెట్టాకే దూరాలి. అది కూడా జాకీ పాయింటు దగ్గర రేకు గట్టిగా ఉందని చూసుకున్నాకే. కుళ్లిన గడపలోకి జాకీ దిగిపోవడం ఈ బండ్లలో మామూలే.

చూడాల్సిన చోట్లు ఇవి: హీటర్ ఛానెళ్ల అడుగు, వెనక సీటు కింద కుడివైపు బ్యాటరీ కూర్చునే చోటు, రెండు ఫ్లోరు రేకులు టన్నెల్‌కి కలిసే అంచు, ముందు స్పేర్ టైరు గుంట, పెట్రోలు ట్యాంకు కింద, బంపర్ బ్రాకెట్లు బిగించే చోటు, డోర్ల అడుగు, వెనక చక్రాల పైన బాడీని మోసే మౌంటు. గట్టి రేకుని పొడిస్తే టంగుమంటుంది. కుళ్లిన రేకు బిస్కట్‌లా కరుక్కుమంటుంది. అయస్కాంతం పట్టని చోటల్లా లప్పం పెట్టారని అర్థం. దాని కింద ఏముందో తెలియదు కాబట్టి చిల్లు ఉందనే లెక్క వేసుకోండి.

ఇంకో పరీక్ష. డోర్లు మూసి, డోరుకీ బాడీకీ మధ్య సందు పైన ఎంతుందో, కింద ఎంతుందో చూసి రాసుకోండి. తర్వాత ఒక పక్క జాకీ ఎత్తి మళ్లీ చూడండి. సందు మారినా, డోరు తెరుచుకోనని మొండికేసినా, గడప బలం పోయిందన్నమాట. పెయింటు ఎంత మెరుస్తున్నా సరే.

ఇక్కడే ఓ నిర్ణయం తీసుకోవాలి. ఫ్లోరు రేకులు పోతే భయం లేదు, అవి మార్చుకునే వస్తువులే. హీటర్ ఛానెళ్లు పోయినా చేసుకోవచ్చు, కాకపోతే ఓపిక కావాలి. ముందు ఇరుసు బిగించే ఫ్రేము తల, డోరు కీలు కూర్చునే స్తంభం, వెనక మౌంట్లు, ఈ మూడూ ఒకేసారి పోయి ఉంటే మాత్రం అంతకంటే మంచి బాడీ ఇంకొకటి వెతుక్కోవడమే తెలివి.

ఇంజిన్‌ని చేత్తో లేపాలి

ముందు పాత ఆయిలు దించండి. ఈ ఇంజిన్‌కి ఆయిల్ ఫిల్టరు ఉండదు. అడుగున గుండ్రటి ప్లేటు వెనక ఒక జల్లెడ మాత్రం ఉంటుంది. ఆ ప్లేటుని పట్టుకునేవి ఆరు చిన్న స్టడ్లు, ఒక్కొక్కటి 6 మి.మీ. మందం. వాటి నట్లకు 7 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, అంటే వేళ్లతో స్పానరు పట్టుకుని తిప్పినంత. ‘ఇంకొక్క చుట్టు’ అని నేను తిప్పిన చుట్టుకి ఒక స్టడ్డు తుంచుకుని చేతికొచ్చింది. దాన్ని డ్రిల్లు చేసి తీయడానికి ఓ ఆదివారం మొత్తం పోయింది. కేసు మెగ్నీషియం మిశ్రమ లోహం, దానిలో మర చాలా సులువుగా పోతుంది.

జల్లెడ మీద ఏముందో తెల్ల గుడ్డ మీద దులిపి చూడండి. నల్లటి జిడ్డు సంగతి పట్టించుకోనక్కర్లేదు. మెరిసే రేణువులు గుప్పెడు ఉంటే బేరింగులు అరిగాయి. ఆయిలుతో పాటు ముందుగా నీళ్లు కారితే, సిలిండర్లలోకి కూడా నీళ్లు దిగాయేమోనని అనుమానించండి. తర్వాత కొత్త ఆయిలు రెండున్నర లీటర్లు పోయండి.

నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలోకి పట్టు వదిలించే పల్చటి ఆయిలు రెండు మూడు చెంచాలు వేసి వదిలేయండి. రోజుకోసారి ఇంకాస్త వేస్తూ నాలుగైదు రోజులు ఆగండి. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి ఆయిలు బోరు అడుగు పక్కనే చేరుతుంది. అందుకే ఈ ఓపిక. ఆ తర్వాత ఫ్యాను బెల్టుని తిప్పే కింది చక్రం, అంటే క్రాంకు పుల్లీ, దాని బోల్టుకి 30 స్పానరు వేసి, ముందుకో రవ్వ, వెనక్కో రవ్వ ఊపండి. పొడుగు గొట్టం తగిలించి బలవంతం చేయకండి. పిస్టన్ కదలకముందే రింగు విరుగుతుంది.

వారమైనా కదలకపోతే నిరాశపడకండి. గాలితో చల్లబడే ఇంజిన్‌లో ఉన్న సుఖం ఇక్కడే తెలుస్తుంది. ప్రతి సిలిండరు బోరూ విడివిడిగా ఉంటుంది. హెడ్డు విప్పితే ఒక్కో బోరునీ బయటికి లాగి, పిస్టనుతో సహా మార్చుకోవచ్చు. బ్లాకు మొత్తం లేతుకి మోసుకెళ్లే పనుండదు.

కదిలిందా, ట్యాపెట్ కవర్లు తీయండి. వాటిని పట్టుకునేది ఒక తీగ క్లిప్పు, స్క్రూడ్రైవరుతో కిందకు నొక్కితే ఊడి వస్తుంది. పుల్లీ తిప్పుతూ ఎనిమిది వాల్వులూ ఎక్కి దిగుతున్నాయో లేదో చూడండి. ఏదైనా కిందే ఉండిపోతే దాని కాడ మీద ఆయిలు పోసి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి విడిపించాలి. ఇరుక్కున్న వాల్వుతో సెల్ఫ్ కొడితే దాన్ని తెరిచే కడ్డీ, అంటే పుష్‌రాడ్, వంగిపోతుంది. మొదట్లో సెల్ఫ్ వద్దన్నది అందుకే.

ఇప్పుడు ట్యాపెట్ సెట్టింగు, అంటే వాల్వు కాడకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య సందు సరిచేయడం. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, చెయ్యి పెడితే రాయిలా అనిపించాలి. చాలా ఇంజిన్లకు సందు 0.15 మి.మీ. బాగా పాతవాటికి వేరే కొలత ఉంటుంది, ఫ్యాన్ తొడుగు మీద స్టిక్కరు ఉంటే చూడండి. బండి ముందుకు చూస్తున్నట్టు ఊహించుకుంటే కుడివైపు ముందుది ఒకటో సిలిండరు, దాని వెనకది రెండు, ఎడమవైపు ముందుది మూడు, వెనకది నాలుగు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటర్ ఒకటో సిలిండరు గుర్తుకి వచ్చేదాకా పుల్లీ తిప్పండి. ఒకటో సిలిండరు రెండు వాల్వులూ సరిచేశాక పుల్లీని వెనక్కి, అంటే గడియారానికి ఎదురుగా, అర చుట్టు తిప్పితే రెండోది వస్తుంది. ఇంకో అర చుట్టుకి మూడు, ఆ తర్వాత నాలుగు. ఫైరింగు వరస 1-4-3-2 కదా, వెనక్కి తిప్పితే 1-2-3-4 అవుతుంది. లెక్క పెట్టుకోవాల్సిన అవసరం లేని చిట్కా ఇది. సందు కొలిచే పల్చటి రేకు, అదే ఫీలర్ గేజి, వెన్నలో కత్తిలా జారకూడదు, లాగితే చిన్న పట్టు తగలాలి. బిగుతు కంటే వదులే నయం. బిగుతుగా ఉన్న వాల్వు కాలిపోతుంది, వదులుగా ఉన్నది టిక్కుటిక్కుమని చెప్పుకుంటుంది.

క్రాంకు పుల్లీని రెండు చేతులతో పట్టుకుని బండి ముందుకి తోసి, మీ వైపు లాగండి. ఇలా ముందుకీ వెనక్కీ కదిలే ఆట 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉండాలి, 0.15 హద్దు. అంటే చేతికి దాదాపు తెలియకూడదు. టక్కు టక్కుమని వినిపిస్తే ఇంజిన్ పూర్తిగా విప్పాల్సిందే.

ఇవన్నీ దాటాక, ప్లగ్గులు లేకుండానే, సెల్ఫ్ కొట్టవచ్చు. కాయిల్ వైరు తీసేసి, పెట్రోలు ఆపేసి, ఐదారు సెకన్ల చొప్పున తిప్పుతూ ఆయిల్ లైటు ఆరేదాకా చూడండి. అది ఆరాక కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరులో పుట్టే ఒత్తిడి, కొలవండి. 100 నుంచి 130 పీఎస్‌ఐ వస్తే సంతోషం. అంతకంటే ముఖ్యం, నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం.

గాలి దారి

ఈ అంకాన్ని చాలామంది తుడిచి రంగేసి దాటేస్తారు. నన్నడిగితే బండి బతికేదీ చచ్చేదీ ఇక్కడే.

ఇంజిన్‌ని గేరుబాక్సుకి పట్టుకునేవి నాలుగే నాలుగు, అన్నీ 17 స్పానరువి. బ్యాటరీ, వైర్లు, యాక్సిలరేటర్ కేబులు, హీటరు కేబుళ్లు, పెట్రోలు పైపు విప్పి, కింద ట్రాలీ జాకీ పెట్టి, వెనక్కి జరిపి దించుకోవచ్చు. వంద కిలోలకు కాస్త అటూ ఇటూ బరువు, ఒంటరిగా చేయకండి. దించాక ఫ్యాను తొడుగు ఎత్తి చూడండి.

నా బండిలో ఆ తొడుగు ఎత్తితే, ఆయిల్ కూలరు మీద చిన్న దిండంత ఎలుక గూడు. కొబ్బరి పీచులాంటిది, చిరిగిన కాగితం, ఎండిపోయిన రెట్టలు. ఆ పీచు ఎక్కడిదో కాసేపటికి గానీ అర్థం కాలేదు. వెనక సీటు లోపలి పీచంతా ఒక్కొక్క పోగు మోసుకొచ్చి అక్కడ పేర్చుకుంది. ఇంజిన్ బాగానే స్టార్టయ్యేది. పది నిమిషాలు నడిచేది కూడా. ఆ తర్వాత మూడో సిలిండరు మాడిపోయేది, అదీ నాకు తెలియకుండా. ఎందుకంటే ఈ బండిలో వేడి చూపించే ముల్లు లేదు.

మూడో సిలిండరే ఎందుకంటే, 1971కి ముందు ఇంజిన్లలో ఆయిల్ కూలరు ఫ్యాను తొడుగు లోపలే, సరిగ్గా ఆ సిలిండరు వైపు నిలబడి ఉంటుంది. అక్కడికి చేరే గాలి కూలరు వేడిని మోసుకుని వస్తుంది. 1971 మోడల్ నుంచి కూలరుని ముందుకు జరిపి, దానికి విడిగా గాలి దారి ఇచ్చారు. వీలైతే పాత ఇంజిన్‌కీ ఆ తొడుగు వేసుకోవడం నేను చెప్పే ఒకే ఒక్క ‘మార్పు’. మిగతావన్నీ ఫ్యాక్టరీ ఎలా చేసిందో అలాగే ఉంచండి.

సిలిండర్ల రెక్కల మధ్య గట్టి పడిన జిడ్డుని కిరోసిను, సన్న బ్రష్షుతో తీయండి. రెక్కలు విరగ్గొట్టకండి. ప్రతి రేకు తొడుగూ, ప్రతి చిన్న ముక్కా తిరిగి దాని చోటికి వెళ్లాలి. ‘ఇది లేకపోయినా నడుస్తుంది’ అని పక్కన పడేసే రేకులే ఎక్కువగా సిలిండర్ల కింద ఉండేవి, అవి గాలిని రెక్కలకు అంటిపెట్టి ఉంచుతాయి. ఇంజిన్ గది చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. దాని పైన చల్లగాలి, కింద సైలెన్సరు వేడి. పట్టీ చిరిగితే ఫ్యాను తన వేడిని తానే పీల్చుకుంటుంది. ప్లగ్గు వైర్లు రేకులోంచి దూరే చోటి రబ్బరు టోపీలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

థర్మోస్టాటు తీసి పారేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వినకండి. 65–70 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ చిన్న బెల్లోస్, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తలుపులు మూసి ఉంచుతుంది. అది లేకపోతే ఇంజిన్ వెచ్చబడటానికి ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలోనే అరుగుదల ఎక్కువ.

ఫ్యాను బెల్టు బిగువు సరిచేసే పద్ధతి ఈ బండికే ప్రత్యేకం. డైనమో పుల్లీ రెండు సగాలుగా విడివడుతుంది, మధ్యలో పల్చటి వాషర్లు ఉంటాయి. వాషరు తీస్తే సగాలు దగ్గరై బెల్టు బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. తీసిన వాషరుని పుల్లీ బయటి వైపు, నట్టు కిందే పెట్టేయాలి. పోగొట్టుకోకుండా అక్కడే ఉంటుంది. బొటనవేలితో నొక్కితే బెల్టు ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి వెళ్లాలి.

నిప్పు ఎక్కడ పుడుతుందంటే

ఈ బండ్లు తగలబడటానికి పేరుమోసిన దారులు రెండు. ఈ రెండింటినీ ఆపడం గంటల్లో అయ్యే పని.

పెట్రోలు ట్యాంకు ముందు, ఇంజిన్ వెనక. మధ్యలో టన్నెల్ గుండా ఇనుప పైపు, రెండు చివరలా రబ్బరు ముక్కలు. పాత రబ్బరు పైకి బాగున్నట్టే ఉంటుంది, వంచితే చీలికలు బయటపడతాయి. అన్నీ మార్చేయండి, ఇథనాలు కలిసిన పెట్రోలుకి తట్టుకునే రకం వేయండి. కార్బొరేటర్‌లోకి పెట్రోలు వెళ్లే ఇత్తడి నిపిల్ కేవలం దిగగొట్టి ఉంటుంది. ఏళ్ల మీద వదులై, ఓ రోజు పైపుతో సహా ఊడి, నడుస్తున్న ఇంజిన్ మీద పెట్రోలు చల్లుతుంది. చేత్తో మెలితిప్పి చూడండి, కదిలితే మర వేసి బిగించే నిపిల్‌గా మార్పించండి. ఫిల్టరు ఇంజిన్ గదిలో వేలాడదీయకండి, గేరుబాక్సు దగ్గరో ట్యాంకు కిందో పెట్టండి.

రెండోది బ్యాటరీ. అది వెనక సీటు కింద ఉంటుంది. సీటుకి ఇనుప స్ప్రింగులు, పైన పీచు. బరువైన మనిషి కూర్చుంటే స్ప్రింగు బ్యాటరీ టెర్మినల్‌ని తాకి, పీచు అంటుకుంటుంది. టెర్మినల్ మీద గట్టి మూత, సీటు కింద రబ్బరు షీటు తప్పనిసరి.

1967 ప్రాంతం దాకా వచ్చిన చాలా బండ్లు 6 వోల్టులవి. బల్బు మీద చూసి తేల్చుకున్నాకే బ్యాటరీ కొనండి. ట్యాంకు లోపల తుప్పు ఉంటే విప్పి కడగండి. దానికి వెల్డింగు మాత్రం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి, ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

తుప్పుని కోసి తీయాలి

బాడీ ఒక ఎత్తు, అడుగు చాసిస్ ఒక ఎత్తు. రెండూ హీటర్ ఛానెళ్ల అడుగున వరసగా ఉండే 13 స్పానరు బోల్టులతో, ముందు వెనక మరికొన్ని బోల్టులతో కలిసి ఉంటాయి. స్టీరింగు, వైరింగు, స్పీడోమీటరు కేబులు, పెట్రోలు పైపు, బ్రేకు ఆయిలు డబ్బా పైపు విప్పేస్తే, డోర్లూ అద్దాలూ లేని బాడీని ఐదారుగురు ఎత్తి పక్కన పెట్టవచ్చు. కానీ ఎప్పుడు ఎత్తాలన్నదే కిటుకు.

గడపలు కుళ్లి ఉంటే ముందు ఎత్తకండి. బాడీ చాసిస్‌కి బిగించి ఉండగానే డోరు రంధ్రంలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప కడ్డీలు అడ్డంగా, ఏటవాలుగా వెల్డు చేయండి. నేను మొదటిసారి ఈ పని ఎగ్గొట్టాను. గడప కోసి కొత్తది వేశాను, వెల్డింగు చూసి మురిసిపోయాను. తీరా డోరు బిగిస్తే గొళ్లెం వేలెడు పైన పడుతోంది. బాడీ మధ్యలో కుంగిపోయింది. చేసినదంతా కోసి మళ్లీ చేయాల్సి వచ్చింది.

కాబట్టి వరస ఇది: కడ్డీలు వేయండి. ఫ్లోరు రేకులు పోయి ఉంటే ముందు ఒక పక్కది మార్చండి, ఆ తర్వాతే రెండోది. చాసిస్ చదునుగా ఉందని తాడు కట్టి చూసుకోండి. తర్వాత ఒక పక్క హీటర్ ఛానెలు కోసి, కొత్తదాన్ని చాసిస్‌కి బోల్టులతో బిగించి, డోరు తగిలించి, సందు రాసుకున్న కొలతకి వచ్చాకే వెల్డింగు చుక్కలు పెట్టండి. డోరు పదిసార్లు వేసి తీశాకే పూర్తి వెల్డింగు. అటు పక్క తర్వాత.

ఈ రేకు మందం ఒక మిల్లీమీటరు లోపే. మిగ్ వెల్డింగులో 0.6 మి.మీ. తీగ వాడండి. గీత లాగినట్టు ఏకధాటిగా చేస్తే రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, చల్లబడ్డాక మధ్యలో ఇంకొకటి. పాత రేకు మీద కొత్త రేకు అతికించడం తేలికే, కానీ ఆ రెండింటి మధ్య సందులో నీళ్లు నిలుస్తాయి. కుళ్లినంత మేరా కోసి, గట్టి రేకుకి అంచుకి అంచు కలపండి.

వెల్డింగు ముందు ట్యాంకు దించేయండి, బ్యాటరీ విప్పేయండి, పక్కన అగ్నిమాపక సిలిండరు పెట్టుకోండి. రేకు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరు వాడకండి. వెల్డింగు వేడికి, వెలుగుకి దాని ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, మాస్కు వేసుకోండి. మెగ్నీషియం కేసు దగ్గర గ్రైండరు నిప్పురవ్వలు పడనివ్వకండి. అది అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పలేరు.

విడి భాగాలకు నాకు నచ్చినది కరెంటు స్నానం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, లీటరుకి ఒక చెంచా బట్టల సోడా, ఒక పాత ఇనుప కడ్డీ. 12 వోల్టుల చార్జరు నెగెటివ్ తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ కడ్డీకి. తారుమారైతే మీ పార్టే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ కడ్డీ వద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయట చేయండి. అల్యూమినియం, మెగ్నీషియం వస్తువుల్ని ఇందులో వేయకూడదు. రాత్రంతా ఉంచితే బంపరు బ్రాకెట్టు నల్లటి మసితో బయటికొస్తుంది, బ్రష్షుతో తోమితే ఇనుము కనిపిస్తుంది. ఆ గంటలోనే ప్రైమరు వేయాలి, ఆలస్యమైతే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది.

తుప్పు తీసిన ఇనుము మీద ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలెంటు, ఆ తర్వాతే లప్పమైనా పెయింటైనా. రెండు డబ్బాలు కలిపి కొట్టే పెయింటులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు ఆపదు. ఆ పని పెయింటింగ్ బూత్ ఉన్నవాళ్లకి వదిలేయడం మేలు. పెయింటు ఆరాక డోర్లలో, స్తంభాల్లో, మూసుకుపోయే ప్రతి బోలులోకీ మైనం స్ప్రే చేయండి. వేడి గాలి నడిచే గొట్టంలోకి మాత్రం వద్దు, హీటరు వేసినప్పుడల్లా ఆ కంపు ముక్కుకి తగులుతుంది. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు పెయింటుతో మూసుకుపోయాయేమో పుల్ల పెట్టి చూడండి. అద్దాల రబ్బర్లు కొత్తవి వేయండి.

బ్రేకులు, మిగతా తంతు

బ్రేకుల్లో పాతది దేన్నీ నమ్మకండి. నాలుగు రబ్బరు పైపులూ, వీల్ సిలిండర్లూ, మాస్టర్ సిలిండరూ మార్చండి. రబ్బరు పైపు లోపల్నుంచి ఉబ్బి మూసుకుపోతే, పెడలు వదిలినా చక్రం పట్టుకునే ఉంటుంది. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ములో దుమ్ముని గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి. వెనక డ్రమ్ము నట్టు 36 సైజుది, సుమారు 300 న్యూటన్ మీటర్ల బిగువు. చక్రాలు నేలమీద ఉన్నప్పుడే వదులు చేయాలి. మళ్లీ బిగించేటప్పుడు పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి తప్ప వెనక్కి తిప్పకూడదు.

వైరింగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సర్క్యూట్ చిన్నది, సమస్య ఎక్కువసార్లు ఎర్తు దగ్గరే. గేరుబాక్సుకీ బాడీకీ మధ్య అల్లిన పట్టీని శుభ్రం చేయండి, సగం రోగాలు పోతాయి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు 0.4 మి.మీ., ప్లగ్గుల సందు 0.6–0.7. చాలా మోడళ్లలో అద్దం కడిగే నీళ్లు స్పేర్ టైరు గాలి ఒత్తిడితో చిమ్ముతాయి. అంటే అద్దం కడిగి కడిగి స్పేర్ టైరు దిగిపోయి ఉంటే ఆశ్చర్యపోకండి.

మొదటి స్టార్టు, మొదటి కిలోమీటర్లు

కార్బొరేటర్ విప్పి జెట్లు గాలితో ఊది, ఫ్లోటు సూది మార్చి బిగించండి. మొదటి స్టార్టుకి ట్యాంకు వాడకుండా, చిన్న సీసాలో కొత్త పెట్రోలు పోసి పంపుకి పెట్టండి. ఇంకో మనిషి అగ్నిమాపక సిలిండరు పట్టుకుని వెనక నిలబడాలి. స్టార్టయిన కొద్ది సెకన్లలో ఆయిల్ లైటు ఆరాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. బోర్లలో పోసిన ఆయిలు కాలి మొదటి ఐదు నిమిషాలు వీధంతా పొగ వస్తుంది. కంగారు పడకండి. పొగ తగ్గకుండా నీలంగానే వస్తుంటే అప్పుడు రింగుల గురించి ఆలోచించండి.

బండి నడిచాక 500 కిలోమీటర్లకి ఆయిలు మళ్లీ దించి, జల్లెడ తీసి చూడండి. ట్యాపెట్లు, బెల్టు, డ్రమ్ము నట్లు, బాడీ బోల్టులు మళ్లీ సరిచూడండి. ఆ తర్వాత 5,000 కిలోమీటర్లకోసారి ఆయిలు, ట్యాపెట్లు.

స్పేర్ బెల్టు, 21 స్పానరు, ఒక గట్టి స్క్రూడ్రైవరు ఎప్పుడూ ముందు డిక్కీలో ఉంచుకోండి. డైనమో పుల్లీ లోపలి సగానికి ఒక గాడి ఉంటుంది. స్క్రూడ్రైవరుని అందులోంచి డైనమో పైబోల్టుకి ఆనిస్తే పుల్లీ తిరగదు, నట్టు విప్పి బెల్టు మార్చవచ్చు. నడుస్తుండగా డాష్‌బోర్డులో ఎర్రటి డైనమో లైటు వెలిగితే, వేరే బండిలో అయితే చార్జింగు పోయిందని ఇంటికి చేరొచ్చు. ఇక్కడ అది బెల్టు తెగిందని, అంటే ఫ్యాను ఆగిందని కావచ్చు. ఇల్లు రెండు కిలోమీటర్లే ఉన్నా పక్కకి తీసి ఇంజిన్ ఆపి, వెనక మూత ఎత్తి చూడండి.